హఫీజ్‌ను ఓడించిన ఇడ్లీలు

నాగర్‌కర్నూల్ హఫీజ్ జీవితంలో ఏ మనిషి చేతిలోనూ ఓడిపోలేదు. ఓడిన ప్రతిసారీ ఇడ్లీల చేతిలోనే ఓడాడు. ఈ మాట అతడిదే. బాక్సింగ్ రింగులో నుంచి దిగి, వాచిన పెదవి తుడుచుకుంటూ, ఎవరూ అడగకముందే అనేవాడు.

"ఇయ్యాల ఇడ్లీలు ఎక్కువైనయి."

మరోసారి తక్కువైనయి అనేవాడు. ఇంకోసారి చట్నీల కారం ఎక్కువైంది. గద్వాలలో ఓడినప్పుడు, ఊళ్లో కట్టించుకున్న డబ్బా అక్కడికి చేరేసరికి ఇడ్లీ రాయైందన్నాడు. అలా ఆరేళ్లలో పన్నెండు బౌట్లు, పన్నెండు ఓటములు. ఇంత నిలకడ ఉమ్మడి జిల్లాలో మరే క్రీడాకారుడిలోనూ కనబడలేదు.

ఉమ్మడి జిల్లా మొత్తానికి ఎనభై ఒక్క కిలోలు దాటిన హెవీవెయిట్లు సరిగ్గా నలుగురే. వనపర్తి చంద్రశేఖర్ పోటీ జరిగిన ప్రతి ఏడూ బంగారు పతకం తీసుకునేవాడు. గద్వాల యేసయ్యకు చేతులు పొడుగు. ఎదుటివాడు దగ్గరికొచ్చేలోపే యేసయ్య పిడికిలి వాడి ముక్కు దగ్గరికి వెళ్లేది. పాన్‌గల్ పెంటయ్యకు గుద్దే ముందు కళ్లు మూసుకునే అలవాటు. హఫీజ్‌ను మూడుసార్లు ఓడించింది కూడా అలా కళ్లు మూసుకునే. నాలుగోవాడు హఫీజ్.

విచిత్రమేమిటంటే మొదటి నిమిషం అతణ్ణి తాకినవాడు లేడు. పాదాలు అంత వేగం. తర్వాత కడుపులోంచి గుడుగుడుమని చప్పుడు మొదలయ్యేది, సగం నిండిన బిందెను బండి మీద తీసుకుపోతున్నట్టు. ముందు వరుసలో కూర్చున్నవాళ్లకు స్పష్టంగా వినిపించేది. అంతే, పాదాలు ఆగిపోయేవి, గుద్దులు పడేవి.

"తిండిపోతు. వాని చేతుల బలముంది, నోట్ల అంతకంటె ఎక్కువుంది," అనేవాడు చంద్రశేఖర్. ఆ తీర్పును జిల్లా అంతా ఆమోదించింది.

ఇప్పుడు ఒక్క జిల్లా ముక్కలైంది. పతకాల పుణ్యమా అని చంద్రశేఖర్ వనపర్తిలో వ్యాయామ ఉపాధ్యాయుడయ్యాడు. మెడలో విజిల్, దాని కింద చెప్పుకోదగ్గ పొట్ట. హఫీజ్ నాగర్‌కర్నూల్‌లో ఆటో నడుపుతూ, పొద్దున్నే గ్రౌండు షెడ్డులో ఓ పన్నెండు మంది పిల్లలకు ఉచితంగా బాక్సింగ్ నేర్పుతున్నాడు. ఆ షెడ్డుకు అధికారికంగా ఒక కోచ్‌ను వేయాలని జిల్లా క్రీడల కమిటీ అనుకుంది. అనుకోగానే కమిటీలోని ఒక పెద్దమనిషి బావమరిది తయారయ్యాడు. బాక్సింగ్‌ను అతడు టీవీలో శ్రద్ధగా చూశాడట. అతడొస్తే షెడ్డు తాళం అతడి చేతికి పోతుంది, హఫీజ్ పిల్లలు రోడ్డు మీదికి వస్తారు.

హఫీజ్ పేరు కూడా పరిశీలించామనిపించుకోవాలిగా, కమిటీకి న్యాయం మీద హఠాత్తుగా ప్రేమ పుట్టింది. "తన కాలపు ప్రత్యర్థులతో పోల్చి హఫీజ్ స్థాయి ఏమిటో ఒక పేజీ అంచనా రాసివ్వండి," అని చంద్రశేఖర్‌కు ఉత్తరం పంపింది. పన్నెండు ఓటముల వాడి గురించి ఒక పేజీ! కాగితం వృథా అనుకుంటూనే ఆయన బస్సెక్కాడు.

హఫీజ్ ఆటో వెనక సీటు తుడుస్తున్నాడు.

"శేఖరన్నా! రా, కూసో. వదిన మంచిగున్నదా?"

"మంచిగున్నది గని, హఫీజ్, నిజం చెప్పు. పన్నెండుట్ల ఒక్కటి గూడ గెలవకపోతివి. కోచ్ నౌకరికి నీ గురించి కమిటీకి ఏమని రాయాలె నేను?"

"ఇడ్లీలని రాయన్నా."

"కమిటీ కాయితంల ఇడ్లీలని రాస్తరారా?"

"అయితే సాంబారని రాయి. జర ఇజ్జత్‌గుంటది."

"నీకొచ్చే నౌకరి పోతదిరా! ఆ పిల్లలేం గావాలె?"

హఫీజ్ ముఖం ఒక్క క్షణం చిన్నబోయింది. గుడ్డ పిండి, మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు. "ఉన్నదున్నట్టు రాయన్నా. ఓడిన, ఓడిననే రాయి. అబద్ధం జెప్పి కోచ్ ఎట్లయిత?"

చంద్రశేఖర్‌కు కోపమొచ్చింది. కోపంతో పాటు ఆకలీ వేసింది. ఆయనకు ఆ రెండూ కలిసే వస్తాయి. గ్రౌండు గేటు దగ్గర ఇరవై ఏళ్లుగా ఇడ్లీ బండి నడుపుతున్న అంజమ్మ దగ్గరికి వెళ్లి, ఒక ప్లేటు చెప్పాడు.

"నీ ఇడ్లీలు పాడుగాను అంజమ్మక్కా, హఫీజ్‌గాన్ని ముంచినయి గదా," అన్నాడు సరదాగా.

అంజమ్మ గరిటె గిన్నెలో పడేసింది. "ఏందీ? వాడు నీకు గూడ గదే జెప్పిండా? ఎన్నేండ్లాయె నా ఇడ్లీలను బద్నాం జేయవట్టి! గద్వాలకు డబ్బా కట్టిస్తే రాయైందన్నడట. నా ఇడ్లీ రాయైతదా సారు? నువ్వు తింటున్నవ్ గద, నువ్వే జెప్పు!"

"మెత్తగనే ఉన్నయి గని..."

"మనిషన్నోడు పొద్దుగాల ఇరవై ఆరు ఇడ్లీలు తిని, మీదికెల్లి మూడు సీసల నీళ్లు తాగి గుద్దులాడ పోతడా? నేను ఒద్దు బిడ్డా అంటుంటి. ముక్కు మూసుకొని మింగుతుండె. కండ్లల్ల నీళ్లు గారుతుండె."

"మరెందుకు తిన్నడు?"

"కాంట కోసం!" అంది అంజమ్మ, ఇంత తెలియని సారు పిల్లలకేం నేర్పుతున్నాడో అన్నట్టు. "వాడు డెబ్బై ఎనిమిది కిలోలు. మీది ఎనభై ఒకటి దాటాలె గద. మీరేమో ముగ్గురే ఉంటిరి. నలుగురు లేకుంటే మీ బరువుల పోటీయే పెట్టరంట గద? 'నాలుగోడు లేకుంటే శేఖరన్నకు సర్టిఫికెట్ రాదక్కా, నౌకరి రాదు, ఇంకో నాలుగు ఎయ్యి' అంటుండె. ఎవరికీ జెప్పొద్దని నాతోని ఒట్టు ఏయించుకున్నడు. ఒట్టు వాంది, ఇడ్లీలు నావి. ఎన్నేండ్లని ఓర్సుకుంట?"

చంద్రశేఖర్ చేతిలోని ఇడ్లీ ముక్కను మళ్లీ ప్లేటులో పెట్టాడు. మొదటి ఏడాది హెవీవెయిట్ పోటీ రద్దు చేస్తున్నామని మైకులో చెప్పినప్పుడు తాను ఈ గ్రౌండు మెట్ల మీదే కూలబడి ఏడవడం గుర్తొచ్చింది. గంటలో నాలుగోవాడు దొరికాడన్నారు. దేవుడి దయ అనుకుని, ఆంజనేయుడికి పదకొండు కొబ్బరికాయలు కొట్టాడు. కొబ్బరికాయలు దేవుడికి, ఇడ్లీలు హఫీజ్‌కు!

మరొకటి కూడా గుర్తొచ్చింది. ఒక ఏడాది పోటీలు రంజాన్‌లో పడ్డాయి. హఫీజ్ ఉపవాసం, రాలేదు. ఆ ఏడాది హెవీవెయిట్ పోటీయే జరగలేదు. బాక్సింగ్ అసోసియేషన్‌ను అందరూ తిట్టారు. చంద్రశేఖర్ అందరికంటే గట్టిగా తిట్టాడు.

ఇక డెబ్బై ఎనిమిది కిలోలంటే కింది బరువు తరగతి. అందులో ఏటా బంగారు పతకం గెలిచే కోడేరు కుర్రాణ్ణి హఫీజ్ ప్రాక్టీసులో రోజూ పొద్దున చితక్కొట్టి, ఆ తర్వాత చాయ్ తాగించేవాడు.

చంద్రశేఖర్ ప్లేటుతోనే ఆటో దగ్గరికి నడిచాడు.

"ఏంరా, నీ బరువుల ఆడితే బంగారు పతకం నీదే గదరా!"

హఫీజ్ బండి వైపు చూశాడు. అంజమ్మ వెంటనే పొయ్యి ఊదడంలో మునిగిపోయింది. అది గ్యాస్ పొయ్యి.

"గెలిస్తే హైదరాబాద్ పొమ్మంటరన్నా. నాకు బస్సు పడది, కడుపుల తిప్పుతది."

"ఇరవై ఆరు ఇడ్లీలకు తిప్పని కడుపు బస్సుకు తిప్పుతదా?"

"గదే నాకూ తెల్వదన్నా. పరేషానే!"

ఆ సాయంత్రం చంద్రశేఖర్ అంచనా రాశాడు. పేజీ అడిగిన కమిటీకి మూడు వాక్యాలే ఇచ్చాడు. "ఉమ్మడి జిల్లా హెవీవెయిట్లలో హఫీజ్‌ది చివరి స్థానం. ఎందుకంటే అతడు హెవీవెయిట్ కాడు. అతడు ఆ చివరి స్థానంలో నిలబడకపోతే పై మూడు స్థానాలు ఉండేవే కావు, ఈ అంచనా రాయడానికి నేనూ ఉండేవాణ్ణి కాను." కింద సంతకం చేసి, యేసయ్యతో, పెంటయ్యతో కూడా చేయించాడు. సంతకం పెట్టేముందు పెంటయ్య కళ్లు మూసుకున్నాడు, అలవాటు కొద్దీ కావచ్చు.

కమిటీ ఆ మూడు వాక్యాలు మూడు వారాలు చదివింది. బావమరిది మళ్లీ టీవీ దగ్గరికి వెళ్లిపోయాడు. షెడ్డు తాళం హఫీజ్ చేతికొచ్చింది.

తాళం వచ్చిన పొద్దున చంద్రశేఖర్ వనపర్తి బస్సు దిగి, నేరుగా అంజమ్మ బండి ముందు కూర్చున్నాడు. ఇరవై ఆరు ఇడ్లీలు దాటే ఈ ఒక్క పందెంలోనైనా హఫీజ్‌ను న్యాయంగా ఓడించాలని ఆయన పట్టుదల. అంజమ్మ వేళ్ల మీద లెక్కపెట్టింది. పది దాకా హుషారుగా సాగింది. పదమూడో ఇడ్లీకి చెమట పట్టింది. పద్నాలుగోది నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఇరవై ఆరు ఎక్కడో శ్రీశైలం శిఖరంలా కనబడింది.

హఫీజ్ దయగా ఒంగి అడిగాడు. "సాంబార్ ఎక్కువైందా అన్నా?"

చంద్రశేఖర్ రొప్పుతూ విజిల్ సర్దుకున్నాడు. "కాదురా... ఇడ్లీలు గట్టిగున్నయి."

అంజమ్మ గరిటె ఎత్తింది. హఫీజ్ పాదాలు, పాత వేగంతోనే, ముందుగా పరుగందుకున్నాయి.