కోటకు నీళ్లెక్కడివి

ఇబ్రహీంపట్నం గ్రంథాలయంలో నేను చదివిన వాటిలో నాకు బాగా నచ్చింది గ్రీసు కోటల చరిత్ర. అందుకే గ్రంథాలయ వారోత్సవాల్లో పాఠకులే మాట్లాడే రోజున నా పేరు ఇచ్చాను. పదో తరగతి తప్పి కుట్టుమిషను పట్టిన నేను మైకు ముందు నిలబడటం అదే మొదలు. మా ఊరు మంచాల నుంచి మా బాపును పిలిపించుకున్నాను. నా చదువును ఆయన ఎప్పుడూ పనిలేని పని అనేవాడు. ఆ రోజు చివరిదాకా కూర్చుంటే చాలనుకున్నాను.

మొనెంవాసియా గురించి మొదలుపెట్టాను. సముద్రంలో ఒంటి రాతిగుట్ట, దాని మీద కోట ఊరు, ఒడ్డుకు ఒకే ఒక్క సన్నని దారి. దాడులకు భయపడి వచ్చినవాళ్లు ఆ గుట్టను ఊరు చేసుకున్నారు. ఆ తర్వాత బైజాంటిన్లు, ఫ్రాంకులు, వెనిస్ వాళ్లు, తుర్కులు... నేర్చుకున్నదంతా చెప్పేయాలన్న ఆరాటంలో ఏలినవాళ్ల వరుస చదువుతూ పోయాను. వెనక కుర్చీలు కిర్రుమన్నాయి. బాపు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు. వెళ్లిపోతాడనుకున్నాను.

ఆయన తలుపు వైపు తిరగలేదు.

"రాజుల సంగతి పక్కన పెట్టు బిడ్డా. గుట్ట మీద నీళ్లెక్కడివి?"

"చుట్టూ సముద్రమే గదా కాకా! గిన్ని నీళ్లు సాలవా?" అన్నారెవరో. అందరూ నవ్వారు.

"అవి నోట్లో పెట్టుకోలేమండీ," అంది ముందు వరుసలోని మా పక్కింటావిడ. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. "మా ఊళ్లో బావి నీళ్లే ఉప్పగా ఉంటాయి."

చేతిలో కాగితం మడిచేశాను. ఇంటి కప్పు మీద పడ్డ వానను పోనీయకుండా ఇంటి కిందే కట్టిన తొట్టిలోకి దింపుకునేవారని చెప్పాను. ఫ్రాంకులు మూడేళ్లు చుట్టుముట్టినా ఊరు నిలబడింది. తిండి అయిపోయాకే, ఇళ్లూ హక్కులూ తమకే ఉండాలని మాట తీసుకుని ఊరివాళ్లు కోట తలుపులు తెరిచారు.

"మూడేండ్లా! ఎండలు ముదిరితే మా బోరు నెల గూడ ఆగదు," అంటూ బాపు కూర్చున్నాడు. "ఇప్పుడు మనుషులున్నరా ఆడ?"

"ఉన్నరు బాపు, కొందరే. కూలిన ఇండ్లు మళ్ల కట్టుకున్నరు."

సభ అయ్యాక బస్టాండుకు నడుస్తూ ఊరి పేరు మళ్లీ అడిగాడు. ఎన్నిసార్లు చెప్పినా ఆయన నోరు తిరగలేదు.

"పేరు పోనీ తియ్," అన్నాడు నవ్వుతూ. "ఐతారం సెలవే గదా, ఆ పుస్తకం పట్టుకొని ఇంటికి రా. మొదటి నుంచి సదివి ఇనిపియ్యి."