టైపిస్టు కూతురి పేజీ

మా బడి వదిలి వెళ్ళే ప్రతి తరగతికీ ఆఖరి నెలలో ఒక జబ్బు చేస్తుంది. ఐదేళ్ళపాటు ఒకరి పెన్నులు ఒకరు కాజేసి, ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకున్నవాళ్ళంతా ఉన్నట్టుండి మేమంతా ఒకే ప్రాణం అంటూ కళ్ళు తుడుచుకుంటారు. ఆ జబ్బుకు బడివాళ్ళు కనిపెట్టిన మందు చీటీల పుస్తకం. తరగతిలో అందరి పేర్లూ చీటీల మీద రాసి సుద్దముక్కల డబ్బాలో వేస్తారు. ఎవరికి ఎవరి చీటీ వస్తే వాళ్ళ గురించి ఒక పేజీ జ్ఞాపకాలు రాసివ్వాలి. అవన్నీ టైపు చేయిస్తారు. వీడ్కోలు రోజున ఎవరు రాసిన పేజీ వాళ్ళు వేదికెక్కి చదవాలి, ఆ తర్వాత అన్నీ కలిపి పుస్తకంగా కుట్టిస్తారు.

ఆ టైపు చేసేది మా అమ్మ. మెట్ల కిందున్న ఆఫీసు గదిలో పందొమ్మిదేళ్ళుగా ఆమెదే రాజ్యం. రాజ్యమంటే ఒక బల్ల, తలుపు సరిగా పడని ఒక బీరువా, పై తరగతుల పిల్లలు మెట్లు దిగినప్పుడల్లా నెత్తిన రాలే సున్నం. పొద్దున ఒకణ్ణి బడి నుంచి వారం రోజులు వెళ్ళగొడుతూ ఉత్తరం కొట్టిన వేళ్ళతోనే సాయంత్రం వాడికి సత్ప్రవర్తన సర్టిఫికెట్ కొట్టి ఇచ్చేది. "రెండింటికీ మార్జిన్ ఒకటేనే," అనేది నాతో.

ఒకే ప్రాణమైన వాళ్ళలో ఏటా ఐదారుగురు పేజీ రాసివ్వరు. ఖాళీ పేజీ చూస్తే మా అమ్మకు చెయ్యి ఊరుకోదు. అందుకని తనే రాసేది. మూడు రకాలుండేవి. నోరు విప్పని పిల్లలకు 'నిండు కుండ తొణకదు' రకం, అల్లరివాళ్ళకు 'నవ్వించడం నీ దగ్గరే నేర్చుకోవాలి' రకం, ఎవరో కూడా గుర్తురాని వాళ్ళకు 'ఆపదలో ఆదుకునే చేయి' రకం. వీడ్కోలు రోజున ఆ రాయనివాళ్ళు తమ పేరుతో ఉన్న కాగితం అందుకుని ఒక్క క్షణం తెల్లబోయేవాళ్ళు. తర్వాత గొంతు సవరించుకుని, వారం రోజులు నిద్ర మాని రాసినట్టు చదివేవాళ్ళు. తాము రాయలేదని బయటపెడితే బద్ధకమూ బయటపడుతుంది కాబట్టి అందరూ తేలు కుట్టిన దొంగలే. వినేవాళ్ళు మాత్రం నిజంగానే ఏడ్చేవాళ్ళు. మా సైన్సు టీచరు ఈ బడిలోనే చదివింది. తన పేజీకి అద్దం కట్టించి స్టాఫ్ రూములో తన కుర్చీ పైన తగిలించుకుంది. అది మూడో రకం.

ఇదంతా నాకెలా తెలుసంటే, తొమ్మిదో ఏటి నుంచి అమ్మ పక్కన కూర్చుని పిల్లల కోడిగీతల రాతలు పైకి చదివి వినిపించేది నేనే. అమ్మ వేళ్ళకు నా గొంతు అలవాటు.

ఇక తరగతిలో నా వైభవం చెప్పాలి. నాకు పేరున్నా అందరూ 'ఆఫీసు' అనేవాళ్ళు. నేను గదిలోకి అడుగు పెడితే "ష్, ఆఫీసొచ్చింది" అని మాటలు ఆగిపోయేవి. ఐదేళ్ళలో నా ముందు ఎవరూ ఒక్క వాక్యం పూర్తి చేసిన పాపాన పోలేదు. నేను మోసుకెళ్ళిన కబురు ఒక్కటీ లేదు, కానీ దాన్ని నిరూపించుకోవాలంటే ముందు ఎవరైనా ఒక కబురు చెప్పాలి కదా. అందుకే ఎంత వెటకారం చేసినా ఆ చీటీల పుస్తకం మీద నాకు ఆశ ఉండేది. సిగ్గు విడిచి చెబుతున్నాను, చాలా ఆశ ఉండేది. బలవంతానైనా సరే, నలభై ఒక్క మందిలో ఒకరు నా గురించి ఒక పేజీ ఆలోచించక తప్పదు.

నా చీటీ 'రేపు'కు వచ్చింది. వాడు ఐదేళ్ళూ నా వెనక బెంచీలోనే కూర్చున్నాడు. ఏ టీచరు ఏ హోంవర్కు అడిగినా "రేపండి" అన్నందుకు వచ్చిన బిరుదు అది.

"రాశావా?" అని వారం ఆగి అడిగాను.

"రేపు," అన్నాడు. మాట మీద నిలబడే మనిషి.

గడువు శుక్రవారం. ఆ సాయంత్రం అమ్మ బల్ల మీదున్న కట్ట తిరగేశాను. నలభై రెండు ఉండాల్సిన చోట ముప్పై ఏడు ఉన్నాయి. నా గురించిన పేజీ లేదు. చదివి వినిపించడానికి కుర్చీ లాక్కుంటే అమ్మ వద్దంది.

"ఈసారి నువ్వు చదవక్కర్లేదు. నాకు బానే కనిపిస్తోంది."

ఆ ఏడాది ఆమెకు కళ్ళజోడు రెండుసార్లు మార్చారు.

"అమ్మా, నాకు మాత్రం నిండు కుండ వెయ్యకు," అన్నాను.

"ఎవరిది వాళ్ళు రాసిస్తారు. మధ్యలో నాకేం తెలుసు," అంది టైపు మిషను మీటల వంక చూస్తూ. ఇన్నేళ్ళలో మా అమ్మ మీటల వంక చూడగా నేను చూడలేదు.

వీడ్కోలు రోజున హాలు నిండా తల్లిదండ్రులు. ముందు వరసలో హెడ్మాస్టరు, ఆయన పక్కన రేపు వాళ్ళమ్మ. ఒకరి తర్వాత ఒకరు వేదికెక్కి మరపురాని స్నేహాలు మోసుకొచ్చారు. నిండు కుండ ఒకసారి, ఆదుకునే చేయి రెండుసార్లు వచ్చాయి. నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. రేపు వంతు వచ్చింది. కాగితం అందుకుని, తెల్లబోయి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"ఈమె తక్కువ మాట్లాడుతుంది. ఎక్కువ వింటుంది. అబద్ధం చెప్పాల్సి వస్తే మోచెయ్యి గోక్కుంటుంది."

మోచేతి మీదున్న నా చెయ్యి దానంతటదే కిందికి జారింది. ఇది మూడు రకాల్లో ఏదీ కాదు.

"కోపమొస్తే ఎవరినీ ఏమీ అనదు, దిండుతో చెప్పుకుంటుంది. బూట్లు విప్పితే ఎడమదే ముందు విప్పుతుంది. నిద్రలో ఎక్కాలు అప్పజెబుతుంది. అప్పుడు చూడాలి ఆ ముఖం, ఎంత..."

వాడు అక్కడ ఆగిపోయాడు. చదివింది వాడి చెవికి అప్పుడే చేరినట్టుంది. వెనక నుంచి ఎవడో ఈల వేశాడు. హెడ్మాస్టరు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. రేపు వాళ్ళమ్మ లేచి నిలబడింది. ఐదేళ్ళు నన్ను చూడని తరగతి మొత్తం ఒక్కసారిగా నన్నే చూసింది. ఇలా చూస్తారని తెలిస్తే చూడమని కోరుకునేదాన్ని కాదు.

"నాకేం తెలీదు," అన్నాడు రేపు మైకులో.

అప్పుడు పక్క గోడ దగ్గర మా అమ్మ లేచింది. ఊరుకుంటే పందొమ్మిదేళ్ళ గుట్టు గుట్టుగానే ఉండేది. నా పరువు మటుకు ఉండేది కాదు.

"చదివింది వాడు, రాసింది నేను," అంది. "వాడు పేజీ ఇవ్వలేదు. నా కూతురు నిద్రలో ఏం మాట్లాడుతుందో నాకు కాక ఇంకెవరికి తెలుస్తుంది? కాకిపిల్ల కాకికి ముద్దు కదా, రాస్తూ రాస్తూ వాడి పేరుతో రాస్తున్నానన్న సంగతే మర్చిపోయాను."

హాలు పగలబడి నవ్వింది. అందరికంటే ముందు నవ్వడం ఆపింది సైన్సు టీచరు.

"మేడం, మరి నాది?"

కాగితం మీద పందొమ్మిదేళ్ళు బొంకిన మా అమ్మకు నోటితో బొంకడం రాదు. "నీ చీటీ వచ్చిన పిల్లకు ఆ వారం జ్వరమమ్మా," అంది నేల చూస్తూ. అదే క్షణంలో ఆమె మోచెయ్యి గోక్కోవడం చూశాను. నాకా అలవాటు ఎక్కడిదో అప్పుడు తెలిసింది.

జనం వెళ్ళిపోయాక రేపు నా దగ్గరికి వచ్చాడు.

"ఇప్పుడు రాయనా?"

"రాయి."

"పెన్నుందా?"

ఇచ్చాను. కాగితం వెనక్కి తిప్పి, కిటికీ అంచు మీద పెట్టుకుని చాలాసేపు రాశాడు. వచ్చినవి మూడు వాక్యాలు. 'ఐదేళ్ళు ఈమె వెనకే కూర్చుని జడ తప్ప ఏమీ చూడలేదు. ఎప్పుడడిగినా పెన్ను ఇచ్చింది. నేను ఒక్కటీ తిరిగివ్వలేదు.' అమ్మ మర్నాడు ఒక్క అక్షరం మార్చకుండా ఆ మూడింటినీ టైపు చేసింది. మా చీటీల పుస్తకంలో ప్రమాణం చేసి చెప్పగలిగిన పేజీ అదొక్కటే. ఆ పెన్ను కూడా తిరిగి రాలేదు.

వీడ్కోలు రోజు సాయంత్రం అమ్మా నేనూ ఇంటికి నడుస్తున్నాం. హెడ్మాస్టరు మర్నాడు తన గదికి రమ్మన్నాడు. ఏమంటాడో అని ఆమె బెంగ. నాకున్న అనుమానం వేరు.

"అమ్మా, నేను నిజంగా నిద్రలో ఎక్కాలు చెబుతానా?"

"పరీక్షలప్పుడు రోజూను. పదమూడో ఎక్కంలో ఏడు దగ్గర ఆగిపోతావు."

"ఆగిపోయి?"

"ఏడుపు ముఖం పెడతావు. పక్కన కూర్చుని తొంభై ఒకటి అని అందిస్తాను. అప్పుడు ముందుకెళ్తావు," అంది.