పైపు పట్టనివ్వని ప్రభుదాస్ అన్న

నిన్న నాకు వీక్లీ ఆఫ్. ఇంట్లో అన్నం ముందు కూర్చున్నానో లేదో, బాయిలర్ దగ్గర పనిచేసే వెంకన్న ఫోన్ చేశాడు.

"సల్మా, ప్రభుదాస్ అన్న ఇగ లేడు. దవాఖానాకు తీస్కపోతుంటే తొవ్వలనే పానం పోయింది."

గుండెపోటు.

నాకు ఏడుపు రాలేదు. ముందు భయం వేసింది. కిటికీలోంచి ఆకాశం చూశాను. నల్లగా ఉంది.

మబ్బు చూస్తే భయపడే ఈ జబ్బు నాకు అన్న దగ్గరే అంటుకుంది.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. ములకలపల్లి దగ్గర అడవి అంచున ఓ చిన్న కెమికల్ యూనిట్‌లో నేను ల్యాబ్ చూస్తాను. అన్న ఎవాపరేటర్ ఇన్‌ఛార్జి. ప్లాంట్‌లో వాడేసిన విషపు నీళ్లన్నీ ఒక పాండ్‌లో చేరతాయి. వాటిని ఎవాపరేటర్‌లో మరిగిస్తే నీరంతా ఆవిరైపోయి చిక్కటి మడ్డి మిగులుతుంది. ఆ కొంచెమే ట్యాంకర్‌లో డిస్పోజల్‌కి పోతుంది.

పాండ్ గట్టు అవతలే వాగు. వాగు కింద కోయ గూడెం. వాళ్ల మేకలు తాగేదీ, వాళ్లు తాగేదీ ఆ నీళ్లే.

వానకు పాండ్ పొంగితే ఆ విషం నేరుగా వాగులోకే. అన్న టెన్షన్ అంతా దాని గురించే.

"మరిగించుడు తర్వాత ముచ్చట చెల్లె. ముందుగాల మంచినీళ్లు దాంట్ల కలవకుంట చూడాలె. ఒక్క బకెట్ కలిసినా అది గూడ ఇసమే అయితది."

అందుకే ఎవరైనా పైపుతో నేల కడుగుతుంటే పామును చూసినట్టు ఎగిరిపడేవాడు. ముందు గీకాలి, తర్వాత గుడ్డతో తుడవాలి, అప్పటికీ పోకపోతే మగ్గుతో నీళ్లు. మేం వెనకాల తెగ నవ్వుకునేవాళ్లం. ఇంట్లో కూడా ఇదే గోలట. మేరీ వదిన ఓసారి నాతో అంది:

"ఏంది సల్మా ఈ మనిషి, బోళ్లు గూడ తుడిచినంకనే కడగాల్నంటడు!"

ఒక దసరా మాత్రం మర్చిపోలేను.

ఆయుధపూజ కదా అని మావాళ్లు మిషన్లన్నీ పైపు పెట్టి తళతళలాడేలా కడిగేశారు. భక్తితోనే చేశారు, పాపం. కానీ ఆ నీళ్లన్నీ పాండ్‌లోకే పోయాయి. సాయంత్రానికి వాన అందుకుంది. కొబ్బరికాయలు కొట్టి అందరం ఇళ్లకు పోయాం. అన్న ఒక్కడే గొడుగు పట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున నేను వచ్చేసరికి నీళ్లు సరిగ్గా అంచుదాకా వచ్చి ఆగి ఉన్నాయి. అన్న ఇంకా అక్కడే ఉన్నాడు. ఎవర్నీ ఒక్క మాట తిట్టలేదు. అందుకే ఇంకా భయమేసింది నాకు.

తర్వాతి దసరాకు అన్నే వదిన పాత చీరలు, తన లుంగీలు ముక్కలు చేసి మూట కట్టుకొచ్చాడు. చర్చిలో పాటలు పాడే మనిషి, మా మిషన్లన్నీ తడిగుడ్డతో అద్దంలా తుడిచి, "ఇగ బొట్లు పెట్టుకోర్రి" అని పక్కకు జరిగాడు. అప్పట్నుంచి మా ఆయుధపూజకు పైపు బంద్.

ఈరోజు మధ్యాహ్నం సమాధి. పాస్టర్ గారు ప్రార్థన చేస్తుండగానే వాన మొదలైంది. ప్లాంట్ దగ్గర వాచ్‌మన్ ఒక్కడే ఉన్నాడు. తలలు వంచుకుని నిలబడ్డామే కానీ మా అందరి చెవులూ వాన మీదే. ఎవరూ కదల్లేదు.

అట్లా ఎట్లా కదులుతాం?

మేరీ వదిన తలెత్తి మమ్మల్ని వరుసగా చూసింది.

"మీరంత ఈడనే ఉంటే, పాండ్ కాడ ఎవలున్నరు?"

వెంకన్న బోరుమన్నాడు. వదినే నా చెయ్యి పట్టుకుని, "జల్దీ పోండ్రి. ఆయన ఏమనుకోడు" అంది.

పిడికెడు మట్టి కూడా వేయకుండానే వచ్చేశాం అన్నా.

ఇప్పుడు గట్టు మీద, రెయిన్‌కోట్ లోపల ఫోన్ దాచుకుని ఇది రాస్తున్నా. నీళ్లు అంచుకు జానెడు కిందున్నాయి. ఎవాపరేటర్ వెంకన్న నడుపుతున్నాడు, ఏడుస్తూనే.

వాన ఆగలేదు.

చాలా భయంగా ఉంది అన్నా. నీకు రోజూ ఇంత భయం ఉండేదా? ఒక్కడివే ఎట్లా మోశావు?

ఇక నువ్వు నిమ్మళంగా పడుకో. నువ్వు పోయిన చోట మబ్బే పట్టకూడదని, నీ మనసు చల్లగా ఉండాలని ఈ చెల్లె దువా.