నిండని సంచి

2018 ఎండాకాలం. అప్పుడు నేను మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో ఐసీయూ నర్సుని. కోస్గి దిక్కునుంచి నర్సింలు అనే గీత కార్మికుణ్ణి ఆటోలో తెచ్చారు. అరవై దాటినా తాళ్లెక్కుతున్న మనిషి, బీడీ వదలని మనిషి. ముఖం పాలిపోయింది, ఒళ్లంతా చెమట. నడుములో మొదలైన నొప్పి కడుపులోకి పాకిందట. ఊళ్లో గ్యాస్ అని సూది వేసి పంపారట. గ్యాస్ అనే మాట వింటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

అయోర్టా అంటే గుండె నుంచి కడుపులోకి దిగే పెద్ద రక్తనాళం. దాని గోడ పలచబడి బుడగలా ఉబ్బితే అన్యూరిజం అంటారు. నర్సింలుకి ఆ ఉబ్బు పగిలిందని స్కాన్‌లో తేలింది. ఇది పగిలినవాళ్లలో చాలామంది దవాఖాన దాకా రానే రారు. హైదరాబాద్ నుంచి అప్పుడప్పుడు వచ్చే రక్తనాళాల సర్జన్ ఆ రోజు మా దగ్గరే ఉన్నారు. ఇక బతికాడనుకున్నాను.

పగిలిన చోట గ్రాఫ్ట్, అంటే గుడ్డతో చేసిన గొట్టం, పెట్టి కుట్టారు. బయటికొచ్చిన సర్జన్ ముఖంలో మాత్రం సంతోషం లేదు.

"కుట్లు నిలుస్తాయి సిస్టర్. కానీ వచ్చేసరికే బీపీ పడిపోయింది, రక్తం చాలా పోయింది, వయసూ తక్కువేం కాదు. అంతసేపు రక్తం అందని కిడ్నీలు కోలుకుంటేనే మనిషి దక్కుతాడు. యూరిన్ చూస్తుండండి."

నర్సింలు భార్య అంజమ్మకి అదే చెప్పాను. అప్పట్నుంచి లోపలికి రానిచ్చినప్పుడల్లా ఆమె మొగుడి ముఖం కంటే ముందు మంచానికి వేలాడే మూత్రం సంచి చూసేది.

"జరంత వచ్చినట్టున్నది గద సిస్టరమ్మా?"

"పొద్దుగాల చూసిందే పెద్దమ్మా. ఇంకా రాలె."

డయాలసిస్ పెట్టినా లాభం లేకపోయింది. ఆ వారం దాటకుండానే నర్సింలు పోయాడు. ఎన్నో చావులు చూశాను గానీ, ఆ ఖాళీ సంచి విప్పుతుంటే నాకు ఏడుపొచ్చింది.

శవాన్ని అప్పగించేటప్పుడు అంజమ్మ రెండు చేతులూ నా ముందు చాపింది.

"ఆయన కడుపుల దడదడ కొట్టుకుంటుండె. బొడ్డు జరిగిందని ఆముదం పెట్టి నేనే పిసికిన. గీ చేతులతోనే పలగ్గొట్టుకున్ననా?"

కడుపునొప్పి వస్తే బొడ్డు జరిగిందని నూనె రాసి పిసకడం మా దిక్కు ఇంటింటా ఉన్నదే. మా అవ్వ నాకూ చేసింది. "కాదు పెద్దమ్మా, అది ఎన్నడో పలచబడ్డది" అన్నాను. ఆమె నమ్మలేదు. అన్నకి ఉంటే తమ్ముడికీ ఉండొచ్చు, చూపించండని సర్జన్ చెప్పిన మాట మాత్రం చెవిన పెట్టింది.

వానలు పడ్డాక మరిది యాదయ్యను వెంటబెట్టుకొచ్చింది.

"నాకేం రోగం లేదు మేడం. వదినె ఊకె పానం తీస్తాంది" అని ఆయన విసుక్కున్నాడు.

"నేను ముట్ట. నువ్వే చూడు బిడ్డా" అంటూ అంజమ్మ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

యాదయ్యను పడుకోబెట్టి బొడ్డు పైన మెల్లగా చెయ్యి ఆనించాను. అరచేతి కింద దడదడ కొట్టుకుంటోంది.

పగలకముందే ఆయనకి ఆపరేషన్ అయ్యింది. పగిలాక సర్జన్ ఎంత బాగా కుట్టినా, బతుకు సగం అంతకుముందే తేలిపోయి ఉంటుందని ఆ అన్నదమ్ములు నాకు నేర్పారు. బీడీ తాగే పెద్దవాళ్లు నడుంనొప్పి అని వస్తే, ఇప్పుడు ముందు కడుపు మీద చెయ్యి వేస్తాను.

యాదయ్య ఆపరేషన్ అయిన మర్నాడు అంజమ్మ ఐసీయూలోకి వచ్చి, అలవాటుగా ముందు సంచి చూసింది. నిండుగా ఉంది.

"గింత నీళ్లు ఆయనకొస్తే ఏం పోయె" అని ఆ మంచం పక్కనే కూలబడి ఏడ్చింది.