మందు కలపని గ్లాసు

నేను భద్రాచలం వైపు ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. ఆవగింజంత ఉండే డాఫ్నియా అనే నీటి పురుగులతో ఏటా ఒక ప్రాక్టికల్ ఉంటుంది. పురుగుమందు కలిపిన గ్లాసులో అవి చావాలి, ఉత్త నీళ్ల గ్లాసులో బతకాలి. వాటి చావును బట్టి ఆ మందు మనుషులకెంత ప్రమాదమో అంచనా వేస్తారని పాఠం.

మొన్నటి ఏడు ఆ ప్రాక్టికల్ రోజు కాలేజీలో నల్లా నీళ్లు రాలేదు. మిగతావాళ్లు కొన్న నీళ్లు తెచ్చుకుంటే, చర్ల వైపు నుంచి వచ్చే సమ్మక్క అనే అమ్మాయి తన బాటిల్లోని నీళ్లే వాడింది. రెండు గ్లాసుల్లోనూ పురుగులు చచ్చాయి.

"ఏంది గిది? ఉత్త నీళ్లల్ల ఎట్ల సస్తయ్?" అని అందరి ముందూ అరిచాను.

"మేం తాగేటి నీళ్లే మేడమ్. వాగుల ఇసుక తోడి చెలిమె తీసి తెచ్చుకుంటం."

"గ్లాసు సరిగ్గ కడగలేదు నువ్వు."

రికార్డులో ఎర్ర ఇంకుతో "తప్పు" అని రాసి సంతకం పెట్టాను. స్టాఫ్ రూమ్‌లో నేను తాగే క్యాన్ నీళ్లిచ్చి మళ్లీ చేయించాను. ఈసారి పురుగులు బతికాయి. పదికి పది వేశాను.

నెల తిరక్కుండానే సమ్మక్క వాళ్లమ్మ వాంతులతో దవాఖానాలో చనిపోయింది. తాగిన నీళ్లలో పురుగుమందు ఉందన్నారు. పైనున్న మిరప చేలవాళ్లు మందు పంపులు ఆ వాగులోనే కడుగుతారట.

టీసీ కోసం వచ్చిన సమ్మక్క నన్ను తిట్టలేదు.

"గ్లాసు మంచిగనే కడిగిన మేడమ్" అంది, అంతే.

ఆ రికార్డు ఇంకా నా బీరువాలోనే ఉంది. ఆ రోజు ఆ పిల్ల మొదట చేసిన ప్రయోగమే సరైంది. "తప్పు" కింద సంతకం మాత్రం నాది.