వెనుక అద్దం కింద చల్ల మిరపకాయలు

మా తమ్ముడి కారు ఫోరస్ రోడ్డు మీంచి మా గల్లీలోకి తిరిగిందంటే నాకు ఒళ్ళు మండేది. కారు కనబడకముందే దాని చప్పుడు వచ్చేది. డిక్కీలో పెట్టించుకున్న పెద్ద స్పీకర్ డబ్బాలోంచి ధన్ ధన్‌మని ఒకటే దెబ్బ. వరస గదుల మా చాల్ మెట్ల దగ్గర పెట్టిన స్టీలు బిందెలు కూడా గలగలలాడేవి. అప్పటిదాకా గోడకానుకుని కునుకు తీస్తున్న మా అమ్మ లేచి కూర్చునేది. పక్కన నిలబడి అరిచినా ఆమెకు సగం మాటలు వినబడవు. పాలమూరు నుంచి కూలికని ఈ ఊరొచ్చిన నాటి నుంచీ సిమెంటు, కంకర కలిపే మిల్లర్ పక్కన నిలబడి తట్టలెత్తింది. చెవులు ఆ మిల్లర్‌కే పోయాయి. ఆ దెబ్బను మాత్రం నేలలోంచి పట్టేసేది.

"చిన్నోడొచ్చిండు," అని చీర కుచ్చిళ్ళు సర్దుకునేది.

ప్రతి ఆదివారం ఇదే వరస. తమ్ముడు వర్లి నుంచి వచ్చి, ఆమెను ఎక్కించుకుపోయి, సముద్రం ఒడ్డున తిప్పి, వాళ్ళింట్లో అన్నం పెట్టి, చీకటి పడేలోగా దింపేవాడు. మిగతా వారమంతా ఆమె ఉండేది కామాటిపురాలో మా ఒంటిగది ఖోలీలోనే. మందులు నేను తెస్తాను. కాళ్ళకు నూనె నా భార్య రాస్తుంది. అయినా గల్లీలో ఎవరు పలకరించినా ఆమె చెప్పుకునేది చిన్నోడి కారు గురించే.

"వాని బండిల పాట ఇనొస్తది బిడ్డా. ఈపుల కొడ్తది డప్పు. పెద్దోని బండిల ఏమున్నది? తుమ్మెద జొచ్చిన డబ్బ."

నా కారును అంత మాటంది! నేను ఒక సాహెబు దగ్గర డ్రైవరును. ఆయన కొత్తది కొనుక్కుని, నేను ఏళ్ళ తరబడి తోలిన పాత కారును నాకే ఇచ్చేశాడు. పాతదైనా దర్జా బండి. వెనుక సీటుకూ అద్దానికీ మధ్య ఉండే బల్లలో కంపెనీ వాళ్ళే దరువు మోత కోసం ఒక సబ్‌వూఫర్ పెట్టారు. సాహెబు పాట పెట్టించుకున్నప్పుడు ముందు సీట్లో నా వెన్నుపూస దాకా వచ్చేది ఆ మోత. నా చేతికొచ్చిన రెండు ఎండాకాలాలకే దాని గొంతు పోయింది. ఏది పెట్టినా బర్రుమనడమే.

"పొరుగింటి పుల్లకూర రుచి అంటరు గద, మీ అమ్మకు గదే," అని నవ్వేది నా భార్య. "గా పుల్లకూరకు మీరెందుకు గంతగనం మండుతున్నరో నాకు సమజ్ గాదు."

ఎందుకు మండనూ? ఒక ఆదివారం పొద్దున్నే తమ్ముడు రాకముందే అమ్మను నా కారులో కూర్చోబెట్టాను. పాట పెట్టాను. పాపం, కాసేపు ఓర్చుకుంది. తర్వాత దవడ పట్టుకుంది.

"బంద్ జెయ్యి బిడ్డా. పండ్లు జివ్వుమంటున్నయ్."

అంతలో గల్లీ మలుపులో ధన్ ధన్ మొదలైంది. ఆమె తలుపు తనే తీసుకుని, నా వైపు చూడకుండా దిగి వెళ్ళిపోయింది. నేను స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాను. తలకు రంగేసుకునే వయసులో అమ్మ కోసం తమ్ముడితో పోటీ ఏమిటంటారా? పడతాను. ఒక్కసారైనా ఆమె నా కారులో కూర్చుని "ఇనొస్తున్నది" అనాలి. అప్పుడు నాకు కావలసింది అదొక్కటే.

మర్నాడే కారును నాగ్‌పాడాకు తీసుకుపోయాను. అక్కడ కార్లకు పాటల సామాను బిగించే మిస్త్రీ వెనుక బల్ల మీది జాలీ ఊడదీశాడు. లోపలికి తొంగి చూశాడు. ముక్కు మూసుకున్నాడు.

"భాయ్, ఇస్మే అచార్ డాలా థా క్యా?"

నేనూ వంగి చూశాను. నిజంగానే ఊరగాయ జాడీ వాసన! జాలీ రంధ్రాల నిండా ఉప్పు, మిరప గింజలు. కాగితం లాంటి స్పీకర్ కోను తడిసి, ఎండి, చినిగి ఉంది. దాని చుట్టూ ఉండే మెత్తటి అంచు వేలు పెడితే పొడిపొడిగా రాలింది.

ఓరి దేవుడా అనుకున్నాను. మా చాల్‌లో ఎండ పడే చోటు లేదు. అటూ ఇటూ బిల్డింగులు, పైన డాబాకు తాళం. గల్లీలో నిలబెట్టిన కార్ల వీపుల మీద మాత్రం మధ్యాహ్నం ఎండ మండిపోతుంది. అమ్మ ఏటా ఎండాకాలం చల్ల మిరపకాయలు పెడుతుంది. రాత్రి ఉప్పేసిన మజ్జిగలో నానబెట్టడం, పగలు ఎండబెట్టడం, సాయంత్రం మళ్ళీ మజ్జిగలో వేయడం. పాత పంచె పరిచి వాటిని ఎండబెట్టింది ఎక్కడనుకున్నారు? నా కారు వెనుక అద్దం కింద, ఆ జాలీ మీదే! తాళంచెవి ఇచ్చిందీ నేనే. కాకులు రావు, దుమ్ము పడదు, ఏం ఉపాయమని గల్లీ అంతా చెప్పుకున్నాను కూడా. అది చూసి పక్కవాళ్ళు కూడా తమ కార్లలో ఒడియాలు, ఒరుగులు పరిచారు. మా మరదలు మాత్రం చల్ల మిరపకాయలు ప్యాకెట్లలో కొంటుంది. అందుకే తమ్ముడి డబ్బా క్షేమంగా ఉంది. అదొక మంట.

"అందరికంటే పెద్దది వెయ్యి," అన్నాను మిస్త్రీతో. అతను ఒప్పుకోలేదు. కంపెనీ పెట్టిన యాంప్లిఫయర్ చిన్నదట, పాతదానికి సరిగ్గా సరిపోయేదే వెయ్యాలట, లేకపోతే అది కాలిపోతుందట. సరేనన్నాను. కొత్తది బిగించి పాట పెడితే మోత లేదు, ఉత్త గాలి! అతను తాపీగా వెనక్కి వంగి, తారుమారైన రెండు వైర్లను మార్చి కలిపాడు. ఎవరో అరచేత్తో నా వీపు మీద చరిచినట్టయింది.

"రారా తమ్మీ, ఇప్పుడు రా!" అని పైకే అనేశాను.

సాయంత్రం అమ్మను వెనుక సీట్లో కూర్చోబెట్టి బోనాల పాట పెట్టాను. మొదటి దెబ్బకు ఆమె నిటారుగా అయింది. చెయ్యి వెనక్కి పెట్టి సీటును తడిమింది. తర్వాత ఆమె వేళ్ళు తొడ మీద దరువు మొదలుపెట్టాయి. కళ్ళల్లో నీళ్ళు, నోట్లో నవ్వు. నేను ముందు సీట్లోంచి మెడ తిప్పి ఆ ఒక్క మాట కోసం చూస్తున్నాను.

"అరె పెద్దోడా!" అంది. "ఎంత మంచిగ ఇనొస్తున్నదిరా! చిన్నోనికి ఫోన్ గొట్టు. వాడు గూడ ఇనాలె."

చూశారా? నా కారులో కూర్చుని, నా పాట వింటూ, చిన్నోడట! పళ్ళు నూరుకుంటూనే ఫోన్ చేశాను.

తమ్ముడు వచ్చాడు. అమ్మ పక్కన కూర్చుని పాటంతా విన్నాడు. ఆమె మోచేత్తో పొడిచి "ఎట్లున్నది, ఎట్లున్నది?" అంటుంటే "ఏక్‌దమ్ మస్తున్నది" అన్నాడు గానీ, వాడి మొహంలో కళ లేదు. దిగి వచ్చి నా పక్కన బానెట్‌కు ఆనుకున్నాడు.

"నా దానికంటె మంచిగ చేపిచ్చినవ్ గదనే అన్నా."

"మరేమనుకున్నవ్?" అన్నాను.

"గిప్పుడు అమ్మ నా తాన్కి ఎందుకొస్తది?"

నేను చేతిగుడ్డతో అద్దం మీది దుమ్ము తుడిచాను.

"వారమంత నీ ఇంట్లనే ఉంటది. నీ ఇంటి బువ్వనే తింటది. నాకు ఒక్క ఆదివారం. గదన్న ఒస్తదని గదా గా డబ్బ పెట్టిచ్చిన. లేకపోతే నాకు పాటల పిచ్చా? గా చప్పుడుకు నాకు తలకాయ పల్గిపోతదే అన్నా."

ముందు నాకు సంతోషమే వేసింది. వీడికీ మండుతోంది! ఇన్నేళ్ళూ నన్ను చూసి మండుతోంది! ఆ సంతోషం వాడు వెళ్ళిపోయేదాకా కూడా నిలవలేదు. గల్లీ మలుపు దాకా వాడు పాట పెట్టకుండానే వెళ్ళాడు.

ఆదివారం వచ్చింది. అమ్మ స్నానం చేసి, కొత్త చీర కట్టుకుని, ఎవరూ చెప్పకుండానే నా కారు వెనుక సీట్లో ఎక్కి కూర్చుంది. నేను కోరుకున్నది కళ్ళెదుటే ఉంది. కాసేపటికి తమ్ముడి కారు చప్పుడు చేయకుండా వచ్చి మలుపు దగ్గర ఆగింది. వాడు దిగలేదు.

నేను ఖోలీలోకి వెళ్ళి, మజ్జిగలో నానుతున్న మిరపకాయల గిన్నె పట్టుకొచ్చాను.

"దిగమ్మా!" అని ఆమె చెవి దగ్గర అరిచాను. "మొగులైతట్టున్నది. గియ్యాలనే ఎండబెట్టాలె, బండి కదలొద్దు."

"మరి నేనేడ కూసోవాలెరా?"

"చిన్నోని బండిల కూసో."

గొణుక్కుంటూ దిగింది. కొత్త జాలీ మీద ప్లాస్టిక్ షీటు రెండు మడతలు వేసి, దాని మీద పంచె పరిచి, మిరపకాయలు ఆరబోశాను. తమ్ముడు అంతా చూస్తూనే ఉన్నాడు. అమ్మ ఎక్కగానే పాట పెట్టాడు. మెట్ల దగ్గర బిందెలు గలగలలాడాయి.

"చీకటి పడకముందే దించు!" అని కేకేశాను. అమ్మ వెనక్కి తిరిగి చూడలేదు.

నాకు మండింది. మండుతూనే ఉంది, పోదది. ఖోలీలోకి వచ్చి, ఈ మిరపకాయలు ఎండిపోయాక వచ్చే ఆదివారానికి ఏం నానబెడదామని నా భార్యనడిగాను.