భోషాణం మీద ఊదుబత్తి

ఊదుబత్తి వాసనకు వంటింట్లోంచి వచ్చి చూస్తే, పరుపులు దాచే మా అత్త భోషాణం మూత మీద బత్తి వెలుగుతోంది. దాని ముందర ఐదేళ్ళ నా కూతురు కళ్ళు మూసుకుని, చేతులు జోడించి కూర్చుంది. ఎనిమిదేళ్ళ కొడుకు కనిపించలేదు.

"అన్న యాడమ్మా?"

"ఉష్! సమాధిలో ఉండాడు."

కొండి వేసి ఉంది. తీసి మూత ఎత్తితే పిల్లాడు చెమటలో నానిపోయి, తల వాల్చేసి ఉన్నాడు. ఎత్తుకుని వాకిట్లోకి పరిగెత్తాను. కాసేపటికి దగ్గి, కళ్ళు తెరిచి, "దండ వెయ్యలేదేమమ్మా?" అన్నాడు.

ముందురోజు టీవీలో ఒక యోగి మీద డాక్యుమెంటరీ వేశారు. ఆయన గుంతలోకి దిగాడు. పైన పలకలు పరిచి మన్ను కప్పారు. కొన్నాళ్ళకు నవ్వుతూ బయటికొస్తే భక్తులు దండలు వేశారు. నిజం చెప్పాలంటే నాకూ బాగుంది. పొద్దస్తమానం పిల్లల వెనక పరిగెత్తేదాన్ని, ఆ ముఖంలోని నెమ్మది చూసి అసూయపడ్డాను.

అప్పటిదాకా నా భయమంతా ఆదివారం వచ్చే రాజుల సీరియల్ గురించే. కత్తులు, విషం కలిపిన పాలు. అది మొదలయ్యే ముందే కత్తిపీట అటకెక్కించేదాన్ని. పిల్లలేమో పడీపడీ నవ్వేవాళ్ళు. "రాజు మీసం ఊడొస్తా ఉండాది సూడు!" "సచ్చినోడు కన్ను ఆర్పినాడు!" అని. అది ఆటేనని వాళ్ళకు తెలుసు.

డాక్యుమెంటరీ అట్లా కాదు. తిరుపతిలో ఉంటూ స్వాముల కథ కాళ్ళు చాపుకుని చూస్తామా? ఇరుగుపొరుగు చెప్పులు బయట విడిచి వచ్చారు. అత్త టీవీకి బొట్టు పెట్టి, చివర్లో కర్పూరం వెలిగించింది. పిల్లలతో సహా అందరం హారతి కళ్ళకద్దుకున్నాం. హారతి ఇచ్చిన బొమ్మను ఏ పిల్లాడు ఆట అనుకుంటాడు?

సాయంత్రం విషయం విని మా ఆయన, "మొన్న కత్తులని రాజును ఆపేయమంటివి. ఇప్పుడు స్వామిని కూడా ఆపేయమంటావా?" అన్నాడు. నవ్వించబోయాడు గానీ, చెయ్యి కొడుకు నుదుటి మీదే ఉంది.

"ఆపాల్సిందే," అన్నాను.

"స్వామిని ఏమీ అనబాక తల్లీ, చెంపలేసుకో," అంది అత్త. అన్నదే గానీ మనవడి తల ఒళ్ళోంచి దించలేదు. విసనకర్రతో విసురుతూనే ఉంది. కాసేపటికి మా ఆయన్ను పిలిచి, "ఆ కొండి ఊడబెరుకు నాయనా," అంది.

యోగిని నేను తప్పుపట్టను. ఆ డాక్యుమెంటరీ తీసినవాళ్ళు మాత్రం, ఇది ఎవరూ చేయకూడదని ఒక్క ముక్క చెప్పి ఉండాల్సింది. ఇది రాస్తూ కూడా మధ్యలో లేచి పిల్లల ఊపిరి చూసొచ్చాను.

భోషాణం సంగతి జరిగిన మర్నాడు పొద్దున ఇద్దరికీ పాలిచ్చి కూర్చోబెట్టాను. "ఆ స్వామి లోపల ఎట్లా బతికినాడో నాకూ తెలీదు. మీరు దండం పెట్టుకోండి, తపస్సు చేసుకోండి, వద్దనను. మూత ఉండేదాంట్లోకి మాత్రం సాక్షాత్తూ దేవుడే పిలిచినా పోబాకండి. అమ్మనడిగి వస్తామని చెప్పండి. అంతసేపు ఆగలేనివాడు దేవుడే కాదు."